ఆపరేషన్ తర్వాత కళ్లద్దాలు అక్కరలేదా?

శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోయే పెద్దలు, వారి వెంట ఆసుపత్రికి వచ్చే కొడుకులు, కూతుళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఆపరేషన్ అయ్యాక మళ్లీ కళ్లద్దాలు పెట్టుకోవాలా, అక్కరలేదా? జవాబుగా వారి ముందుకు ఒక ధరల పట్టిక వస్తుంది. మోనోఫోకల్, మల్టీఫోకల్, ట్రైఫోకల్, ఈడాఫ్, టోరిక్ అనే పేర్లు, వాటి ఎదురుగా అంతకంతకూ పెరిగే ధరలు అందులో ఉంటాయి. ధర పెరిగేకొద్దీ చూపు కూడా అంత బాగుంటుందని, చేతిలో డబ్బుంటే అన్నిటికన్నా ఖరీదైన కటకమే వేయించడం తల్లిదండ్రుల పట్ల తమ బాధ్యత అని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం ఎంతవరకు సరైనదో తేలాలంటే కంటిలో పుట్టుకతో ఉన్న కటకం ఏం పని చేస్తుందో, దాన్ని తీసేసి పెట్టే కటకం వెలుగును ఏం చేస్తుందో, ఆ వెలుగును మెదడు ఎలా అందుకుంటుందో వరసగా తెలుసుకోవాలి.

పుట్టుకతో ఉన్న కటకం

కటకం వెలుగును ఎంత బలంగా వంచుతుందో చెప్పే కొలతను డయాప్టరు అంటారు. దూరం నుంచి వచ్చే కిరణాలను ఒక మీటరు దూరంలో ఒకచోట చేర్చే కటకం సామర్థ్యం 1 డయాప్టరు అయితే, అర మీటరులోనే చేర్చగలిగినదాని సామర్థ్యం 2 డయాప్టర్లు. కళ్లజోళ్ల దుకాణంలో పవర్ అని చెప్పేది ఈ సంఖ్యనే. మామూలు కంటి మొత్తం సామర్థ్యం సుమారు 60 డయాప్టర్లు కాగా, అందులో 43 దాకా కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా చేసే పని. మిగిలినది కంటిపాప వెనక పలచని సంచిలో ఇమిడి ఉన్న కటకం చేస్తుంది.

వాటాలో చిన్నదైనా కటకానికి కార్నియాకు లేని గుణం ఒకటుంది. కార్నియా వంపు మారదు. కటకం వంపు మారుతుంది. కటకం చుట్టూ వలయంగా ఉండే సిలియరీ కండరం, ఆ కండరానికీ కటకపు సంచికీ నడుమ వేలాడే సన్నని పోగులు కలిసి ఈ పని చేస్తాయి. దూరాన ఉన్న చెట్టును చూసేటప్పుడు కండరం వదులుగా ఉండి పోగులు బిగిసి కటకాన్ని చుట్టూ లాగి పలచన చేస్తాయి. చేతిలోని పుస్తకం వైపు చూపు తిప్పగానే కండరం బిగిసి, వలయం చిన్నదై, పోగులు వదులవడంతో కటకం తన సహజమైన సాగుడు గుణం వల్ల ఉబ్బి మరికొంత బలం తెచ్చుకుంటుంది. దీన్నే కటక సర్దుబాటు అంటారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1855లో ఇచ్చిన ఈ వివరణే మొత్తం మీద నేటికీ నిలిచి ఉంది. అంతకు అర్ధ శతాబ్దం ముందే, 1801లో, ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ దగ్గరి చూపులో మారేది కార్నియా కాదని తేల్చాడు. కంటి ముందు నీరు నిలిపితే కార్నియాకు వెలుగును వంచే శక్తి దాదాపు పోతుంది. అలా నీటితో కార్నియాను పనిచేయకుండా ఆపి, దాని బదులు ఒక గాజు కటకం అమర్చుకుని చూసినా, దగ్గరికీ దూరానికీ చూపు సర్దుకునే శక్తి తన కంటికి అలాగే ఉందని ఆయన స్వయంగా పరీక్షించి చూపాడు.

చిన్నపిల్లల కంటికి ఈ సర్దుబాటు శక్తి 10 డయాప్టర్లను మించి ఉంటుంది కాబట్టి ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకున్న పుస్తకమైనా వారికి చక్కగా కనిపిస్తుంది. వయసుతో పాటు కటకం గట్టిపడుతూ పోయి, 40 దాటాక సూదిలో దారం ఎక్కించడం కష్టమై, పత్రికను చేయి చాచి చదవవలసి వస్తుంది. ఇదే చత్వారం. అరవయ్యో ఏటికి ఆ శక్తి దాదాపు ఏమీ మిగలదు. కండరం అప్పటికీ కొంత పని చేస్తూనే ఉంటుంది గాని కటకం దాని మాట వినదు.

కటకానికి రక్తనాళాలు లేవు. ఉంటే పారదర్శకంగా ఉండడం సాధ్యం కాదు. అందులో ఒత్తుగా, క్రమంగా పేర్చి ఉన్న క్రిస్టలిన్ అనే ప్రోటీన్లు, ముఖ్యంగా కటకం నడిమి భాగంలోనివి, మనిషి పుట్టకముందు తయారైనవే జీవితాంతం కొనసాగుతాయి, వాటి స్థానంలో కొత్తవి రావు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, మధుమేహం, పొగతాగడం, అన్నిటికీ మించి గడిచిన కాలం వాటిని దెబ్బతీసినప్పుడు అవి గుంపులు కట్టి, వెలుగును నేరుగా పోనివ్వకుండా చెదరగొడతాయి. శుక్లం అంటే అదే. కంటిపైన పెరిగే పొర ఏదో కాదు, కంటిలోని కటకమే మసకబారడం. కనుక దానికి చుక్కల మందు లేదు. ఆ కటకాన్ని తీసివేయడమొక్కటే చికిత్స.

తీసినచోట మరొకటి

కటకాన్ని తీసేయడం మనిషికి ఎప్పటి నుంచో తెలుసు. ఫ్రెంచి వైద్యుడు జాక్ దావియెల్ పద్దెనిమిదో శతాబ్దం మధ్యలోనే కన్ను కోసి శుక్లాన్ని బయటికి తీశాడు. తీసినచోట మరొకటి పెట్టాలన్న ఆలోచన మాత్రం రెండు వందల ఏళ్ల దాకా ఆచరణలోకి రాలేదు. ఈలోగా ఆపరేషన్ అయినవారు సుమారు 10 డయాప్టర్ల మందపాటి సోడాబుడ్డి అద్దాలతో గడిపారు. ఆ అద్దాల్లో ప్రతి వస్తువూ దాదాపు నాలుగో వంతు పెద్దదిగా కనిపించేది, పక్కలకు చూపు వంకరపోయేది, మెట్టు ఎక్కడుందో కాలికి తెలిసేది కాదు. ఒక కంటికి మాత్రమే ఆపరేషన్ అయి రెండో కన్ను బాగుంటే కష్టం మరీ ఎక్కువ: ఒక కంట పెద్ద బొమ్మ, మరో కంట చిన్న బొమ్మ పడి, మెదడుకు రెండింటినీ కలపడం చేతనయ్యేది కాదు. తెలుగు ఊళ్లలో గత తరం వారికి ఆ అద్దాలు బాగా గుర్తుండే ఉంటాయి.

కృత్రిమ కటకానికి దారి చూపింది రెండో ప్రపంచ యుద్ధం. బ్రిటిష్ యుద్ధవిమానాల పైకప్పు పగిలి దాని ముక్కలు కంట్లో గుచ్చుకున్న విమాన చోదకులను పరీక్షించిన లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, ఆ పారదర్శకమైన ప్లాస్టిక్ కంట్లో ఉన్నా కన్ను దాన్ని పరాయిదిగా ఎంచి వాచిపోవడం లేదని గమనించాడు. ఆ ప్లాస్టిక్ పీఎంఎంఏ, వాడుకలో పెర్‌స్పెక్స్. తర్వాత కొంతకాలానికి ఆయన చేస్తున్న శుక్లాల ఆపరేషన్ చూస్తున్న ఒక వైద్య విద్యార్థి, తీసిన కటకం బదులు మరొకటి పెట్టరేమని అడిగాడు. రెండూ కలిసి ఆయన్ని ముందుకు నడిపించాయి. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో రిడ్లీ తొలిసారి మనిషి కంట్లో ప్లాస్టిక్ కటకం అమర్చాడు. తోటి వైద్యుల్లో పెద్దలైనవారు చాలా ఏళ్లు ఆయన్ని తప్పుపట్టారు. కంట్లోకి పరాయి వస్తువును పంపడం అప్పటి వైద్య సంప్రదాయానికి పూర్తిగా విరుద్ధం. ఆయనకు సర్ బిరుదు వచ్చింది 2000లో, అంటే మరణానికి ఒక ఏడాది ముందు.

ఆ తొలి ఆపరేషన్‌లో అమర్చిన కటకం బలం లెక్క తప్పడం వల్ల రోగికి సుమారు 18 డయాప్టర్ల హ్రస్వదృష్టి మిగిలింది. ఈ సంగతి ఈ అధ్యాయానికి ముఖ్యం. పెద్దవారి కంటి పొడవు సగటున 23.5 మిల్లీమీటర్లు, దాన్ని కొలవడంలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే చూపులో రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తప్పు వస్తుంది. నేడు కంటిని తాకకుండా వెలుగుతోనే ఆ పొడవును మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచే యంత్రాలున్నాయి. ఆపరేషన్‌కు ముందు రోగి గడ్డం ఆనించి ఒక చుక్కను చూస్తూ కదలకుండా కూర్చునే ఆ రెండు నిమిషాల పరీక్షకు, తర్వాతి చూపులో ఆపరేషన్‌కు ఉన్నంత ప్రాధాన్యం ఉంది.

ఆపరేషన్ తీరు కూడా మారింది. అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్, పళ్ల వైద్యుడు గార తీసే పరికరాన్ని చూసి, అతిధ్వని కంపనాలతో శుక్లాన్ని కంట్లోనే నలగ్గొట్టి పీల్చేసే పద్ధతిని 1967లో ప్రవేశపెట్టాడు. ఇదే ఫేకో. ఇప్పుడు కార్నియా అంచున 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోపు గాటు పెట్టి, కటకపు సంచి ముందుగోడలో 5 మిల్లీమీటర్ల గుండ్రటి కంత చేసి, లోపలి మసకను నలిపి తీసేసి, ఖాళీ అయిన సంచిలోకి కొత్త కటకాన్ని చుట్టగా చుట్టి సన్నని గొట్టం గుండా పంపుతారు. అది లోపలికి చేరాక మెల్లగా విచ్చుకుని, 6 మిల్లీమీటర్ల వ్యాసం గల తన గాజువంటి గుండ్రని భాగాన్ని నడుమ నిలిపి, రెండు వంపు చేతులతో సంచి అంచులను ఆనుకుంటుంది. ఆ సంచి వెనకగోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగైదు మాత్రమే. గాటు చిన్నది కావడంతో సాధారణంగా కుట్టు అవసరం రాదు.

ఇలా అమర్చే మామూలు కటకం బలం ఒకటే, మారదు. దాన్ని ఏకదూర కటకం అనవచ్చు. మోనోఫోకల్ లెన్స్ అన్నది దీన్నే. సాధారణంగా దూరపు చూపుకు సరిపోయేలా దాని బలం ఎంచుకుంటారు కాబట్టి రోడ్డు, బస్సు బోర్డు, ఎదుటివారి ముఖం అద్దాలు లేకుండా చక్కగా కనిపిస్తాయి. చదవడానికి సుమారు రెండున్నర పవర్ అద్దాలు కావాలి. శుక్లం పోయింది గాని చత్వారం పోలేదన్నమాట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, కంటి శిబిరాల ద్వారా ఉచితంగా చేసే ఆపరేషన్లలో వేసేది సాధారణంగా ఈ కటకమే. 1992లో మదురైలో అరవింద్ నేత్ర వైద్య సంస్థ స్థాపించిన ఆరోల్యాబ్ ఈ కటకాలను స్వదేశంలో తయారుచేసి, దిగుమతి ధరలో కొద్ది వంతుకే అందించడం వల్లనే మన దేశంలో పేదల కంట్లోకి కూడా కటకం చేరింది. హైదరాబాదులో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఊరూరా దృష్టి కేంద్రాలు తెరిచి, శుక్లాన్ని ఊళ్లోనే గుర్తించే ఏర్పాటు చేసింది. ఈ సాదా కటకం తిరిగి ఇచ్చిన చూపు ముందు ఇక చెప్పబోయే మెరుగులన్నీ చిన్నవి. ఆ సంగతి మరవకుండా ముందుకు సాగాలి.

వెలుగును పంచే వలయాలు

సంచిలో కదలక ఉండే కటకంతో దగ్గర, దూరం రెండూ కనిపించాలంటే ఏం చేయాలి? యౌవనంలో కటకం చేసినట్లు ఉబ్బుతూ, పలచబడుతూ ఉండే కృత్రిమ కటకాన్ని చేయాలన్న ప్రయత్నాలు చాలా జరిగాయి, జరుగుతున్నాయి. అవి ఇచ్చే సర్దుబాటు పుస్తకం సునాయాసంగా చదివించేంత ఇంకా లేదు. కాబట్టి శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. కటకం మారకపోతే, అదే కటకం గుండా వచ్చే వెలుగును భాగాలు చేసి, ఒక భాగాన్ని దూరపు వస్తువుకు, మరో భాగాన్ని దగ్గరి వస్తువుకు సరిపోయేలా వంచడం ఆ దారి. ఇలాంటిదే పలుదూరాల కటకం, అంటే మల్టీఫోకల్ లెన్స్. రెండు దూరాలకైతే బైఫోకల్, మూడు దూరాలకైతే ట్రైఫోకల్, అంటే త్రిదూర కటకం అంటారు.

ఇది కళ్లజోడులోని బైఫోకల్ అద్దం వంటిది కాదు. కళ్లజోడులో పై భాగం దూరానికి, కింది భాగం దగ్గరికి. మనిషి కన్ను తిప్పి ఏదో ఒక భాగం గుండానే చూస్తాడు. కంట్లోని కటకం కంటితోపాటే తిరుగుతుంది కాబట్టి భాగాన్ని ఎంచుకునే వీలు లేదు; దూరపు బొమ్మ, దగ్గరి బొమ్మ రెండూ అన్నివేళలా కంటి వెనక తెర వంటి రెటీనా మీద పడుతూనే ఉంటాయి. ఏటి కాలువ తూముకు వచ్చే నీరు ఇంతే అనుకుంటే, ఒకే చేనుకు పారించినప్పుడు చేను నిండుగా తడుస్తుంది. అదే నీటిని మూడు బోదెల్లోకి మళ్లిస్తే మూడు చేలూ తడుస్తాయి గాని ఏ చేనుకూ మునుపటంత నీరు అందదు, మళ్లింపుల దగ్గర గట్లు పీల్చుకునే నీరు కొంత వృథా కూడా పోతుంది. కాలువలో నీరు పుష్కలంగా ఉన్న రోజుల్లో ఈ తగ్గుదల ఎవరికీ పట్టదు, నీరు సన్నగిల్లిన వేసవిలో చివరి చేను రైతుకు తెలుస్తుంది. కంటి విషయంలోనూ ఇంతే. పట్టపగలు వెలుగు పుష్కలం. సంధ్యవేళ, రాత్రి రోడ్డు మీద ఉన్నదే కొంచెం వెలుగు. దాన్ని కూడా మూడుగా పంచుకోవాలి.

పంచడం ఎలా సాధ్యమన్నది ఆసక్తికరమైన విషయం. చాలా పలుదూరాల కటకాల ముఖం మీద ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నని వలయాలు చెక్కి ఉంటాయి. కంటి వైద్యుడు స్లిట్ ల్యాంప్ వెలుగులో చూస్తే అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్కో వలయం అంచున ఒక మెట్టు ఉంటుంది. మెట్టు ఎత్తు మిల్లీమీటరులో వెయ్యో వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. వెలుగు తరంగ స్వభావం కలది. కటకపు పదార్థంలో వెలుగు వేగం తగ్గుతుంది కాబట్టి, మందం కాస్త ఎక్కువైన చోట నుంచి వచ్చే తరంగం పక్కదానికన్నా రవ్వంత ఆలస్యంగా బయటపడుతుంది. ఆ ఆలస్యాన్ని సరిగ్గా లెక్కించి మెట్లను చెక్కితే, వలయాలన్నిటి నుంచి వచ్చే తరంగాలు ఎంచుకున్న రెండు లేదా మూడు చోట్ల మాత్రమే శిఖరం మీద శిఖరం పడి బలపడతాయి. మిగతా చోట్ల శిఖరం మీద లోయ పడి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. బలపడిన ఒక్కో చోటు ఒక్కో నాభి అవుతుంది. అంచుల వద్ద వెలుగు ఇలా వంగి పరుచుకోవడాన్ని వివర్తనం అని, తరంగాలు కలిసి బలపడడం, చెరిగిపోవడాన్ని వ్యతికరణం అని భౌతికశాస్త్ర పుస్తకాలు చెబుతాయి. వెలుగుకు ఈ వ్యతికరణ గుణం ఉందని పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో ప్రయోగంతో చూపినవాడు కూడా థామస్ యంగే. కంటి కటకం ఎలా సర్దుకుంటుందో శోధించిన మనిషే, ఆ సర్దుబాటు పోయినవారికి రెండు శతాబ్దాల తర్వాత పనికివచ్చిన సూత్రాన్నీ కనుక్కోవడం శాస్త్ర చరిత్రలో అరుదైన సంగతి. ఆయన వృత్తి కూడా వైద్యమే.

ఇక లెక్కల్లోకి వస్తే, తొలి తరం వివర్తన కటకాల్లో దూరానికి నూటికి 41 పాళ్లు, దగ్గరికి 41 పాళ్లు వెలుగు చేరేది. మిగిలిన 18 పాళ్లు ఏ నాభికీ చెందక చెదిరిపోయేది. నేడు విరివిగా వాడే ఒక త్రిదూర కటకంలో వృథా నూటికి 12 పాళ్లకు తగ్గింది. ఉపయోగపడే వెలుగులో సగం దూరానికి, పావు వంతు చేతి దూరానికి, పావు వంతు పుస్తకానికి పోతుంది. చేతి దూరం అంటే 60 నుంచి 80 సెంటీమీటర్లు, అంటే కంప్యూటరు తెర, పొయ్యి మీది గిన్నె, కూరగాయల బండి. పుస్తకం అంటే 40 సెంటీమీటర్లు. తొలి బైఫోకల్ కటకాలు ఈ నడిమి దూరాన్ని వదిలేశాయి. అవి రూపొందిన 1980ల్లో ఇంటింటా కంప్యూటరు లేదు, చేతిలో సెల్‌ఫోను లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తొలి పలుదూరాల కటకానికి అనుమతి ఇవ్వగా, త్రిదూర కటకానికి అనుమతి వచ్చింది 2019లో. యూరప్‌లో త్రిదూర కటకాలు అంతకు దాదాపు పదేళ్ల ముందే వాడుకలోకి వచ్చాయి.

ఏకదూర, పలుదూరాల కటకాలకు నడుమ ఈడాఫ్ కటకం ఉంది. వెలుగును విడివిడి చోట్ల కుప్పవేయకుండా, ఒకే నాభిని ముందుకూ వెనక్కూ కొంత సాగదీయడం దీని పద్ధతి కనుక దీన్ని సాగునాభి కటకం అనవచ్చు. దూరం, చేతి దూరం బాగుంటాయి. సన్న అక్షరాలకు అద్దాలు కావాలి. రాత్రి ఇబ్బంది త్రిదూర కటకంలో కన్నా సాధారణంగా తక్కువ.

దీపాల చుట్టూ వలయాలు

రాత్రి ఎదురుగా లారీ వస్తున్నదనుకుంటే, దాని హెడ్‌లైటు వెలుగులో దూరానికి కేటాయించిన భాగం రెటీనా మీద చిన్న చుక్కగా చేరుతుంది. దగ్గరికి కేటాయించిన భాగం రెటీనాకు చేరకముందే ఒకచోట కలిసి, మళ్లీ విచ్చుకుని, ఆ చుక్క చుట్టూ పలచని బిళ్లగా పరుచుకుంటుంది. పగటిపూట ఏ వస్తువును చూసినా ఈ రెండో బొమ్మ పడుతూనే ఉంటుంది గాని, చుట్టూ వెలుగు ఉండడం వల్ల కంటికి పట్టదు. చీకటి నేపథ్యంలో మెరిసే దీపం చుట్టూ అదే వలయమై కనిపిస్తుంది. పలుదూరాల కటకం వేయించుకున్న చాలామంది మొదటి రోజుల్లో ఆపరేషన్ ఏదో చెడిందని భయపడడానికి కారణం ఇదే. కటకం చెడలేదు, అది తన లెక్క ప్రకారమే పనిచేస్తున్నది. ముందుగా చెప్పి ఉంచితే ఆ భయం చాలావరకు ఉండదు. చెప్పవలసిన బాధ్యత ఆసుపత్రిది.

రెండో నష్టం వలయాలంత తేలికగా కనిపించదు, మాటల్లో చెప్పడమూ కష్టం. కంటి పరీక్షలో తెల్ల పలక మీద నల్లటి అక్షరాలు చదివిస్తారు; పలుదూరాల కటకంతో కూడా ఆ పలక కింది వరస దాకా చదవవచ్చు. నిత్యజీవితంలో చూడవలసినవన్నీ తెలుపు మీద నలుపు కావు. మసక వెలుగులో సిమెంటు మెట్ల అంచు, సాయంత్రం బూడిదరంగు రోడ్డు మీద బూడిదరంగు చొక్కాతో నడిచే మనిషి, పెళ్లిపత్రిక మీద గులాబీ కాగితం మీద ఎర్రటి అక్షరాలు: ఇవి తేలడానికి కావలసింది దగ్గరి ఛాయల మధ్య తేడా పసిగట్టే శక్తి. రెండో బొమ్మ ఎప్పుడూ మొదటి బొమ్మ మీద పలచగా పరుచుకుని ఉండడం వల్ల ఈ శక్తి కొంత తగ్గుతుంది. వైద్య పరిశోధనల సారాంశాలను నిష్పక్షపాతంగా కూర్చే కోక్రేన్ సంస్థ 2016లో ఈ విషయమై జరిగిన ప్రయోగాలన్నిటినీ పరిశీలించినప్పుడు తేలింది ఇది: అద్దాలు లేని దూరపు చూపులో రెండు రకాల కటకాలకూ పెద్ద తేడా లేదు, దగ్గరి చూపులో, అద్దాల అవసరం తగ్గడంలో పలుదూరాల కటకానిది పైచేయి, వలయాలు, వెలుగు జిమ్మడం వంటి ఇబ్బందులు దానితోనే ఎక్కువ.

ఇక్కడ మెదడు పాత్ర గురించి చెప్పుకోవాలి. ఒకేసారి వచ్చే రెండు మూడు బొమ్మల్లో కావలసినదాన్ని పట్టుకుని మిగతావాటిని పక్కకు నెట్టడం మెదడు నేర్చుకోవలసిన విద్య. పోర్చుగల్‌లోని కోయింబ్రాలో పలుదూరాల కటకాలు వేయించుకున్నవారి మెదళ్లను పనిచేస్తుండగా స్కాన్ చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ అయిన మూడో వారంలో ధ్యాసకు, నేర్చుకోవడానికి సంబంధించిన మెదడు భాగాలు మామూలుకన్నా ఎక్కువగా శ్రమిస్తున్నట్లు, ఆరో నెలకు ఆ శ్రమ సద్దుమణిగినట్లు కనిపించింది. చాలామంది విషయంలో ఆ వ్యవధిలో వలయాలు పూర్తిగా పోవు, పట్టించుకోని స్థితికి వస్తాయి. కొద్దిమందికి ఆ అలవాటు ఎన్నటికీ పడదు.

ఎవరికి ఏది

కనుక ఎంపికకు ఆధారం ధరల పట్టిక కాదు, ఆ మనిషి రోజంతా కళ్లతో ఏం చేస్తాడన్నది. రోజులో ఎక్కువసేపు బయటి పనుల్లో, బస్సు ప్రయాణాల్లో, పదిమందితో మాటల్లో గడుపుతూ, మధ్య మధ్య ఫోను, బిల్లు, మందుల చీటీ చూసుకోవలసినవారికి, ప్రతిసారీ అద్దాలు వెతుక్కోవడం విసుగైనవారికి పలుదూరాల కటకం నిజంగా సుఖాన్నిస్తుంది. రాత్రిపూట లారీ, బస్సు, టాక్సీ నడిపేవారికి అది సాధారణంగా తగదు. కంసాలి పని వంటి మరీ సన్నని పనిది వేరే సమస్య. ముక్కుపుడకకు రాయి పొదిగే మనిషి వస్తువును 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాడు. త్రిదూర కటకం దగ్గరి చూపు కుదిరేది 40 సెంటీమీటర్ల దగ్గర. అంత ఖర్చు పెట్టినా ఆయనకు పనివేళ అద్దం తప్పదు, పైగా ఛాయాభేదం పసిగట్టే శక్తిలో కొంత పోగొట్టుకుంటాడు. మగ్గం మీద పోగులు కలిపే నేతకారుడి చూపు చేతి దూరానిది కనుక ఆయనకు సాగునాభి కటకమో, చేతి దూరానికే లెక్కకట్టిన ఏకదూర కటకమో ఎక్కువ నప్పవచ్చు. వైద్యుడు అడగకపోయినా రోగి తన వృత్తి, పనిలో వస్తువును కంటికి ఎంత దూరంలో పట్టుకుంటాడో చెప్పడం మంచిది. వీలైతే టేపుతో కొలిచి చెప్పడం మరీ మంచిది.

కంటి ఆరోగ్యం అంతకన్నా ముందు చూడవలసినది. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, రెటీనా నడిమి భాగమైన మాక్యులా క్షీణిస్తున్నవారికి, నీటికాసులు, అంటే గ్లాకోమా ముదిరినవారికి తేడాలు పసిగట్టే శక్తి అప్పటికే తగ్గి ఉంటుంది. ఉన్న వెలుగును మళ్లీ పంచితే వారికి మేలుకన్నా కీడు ఎక్కువ. మధుమేహం విస్తారంగా ఉన్న తెలుగు ప్రాంతాల్లో ఈ ఒక్క కారణం వల్లనే చాలామందికి సాదా కటకమే సరైనది. కార్నియా ఉపరితలం సమంగా లేనివారి విషయంలో, కళ్లు బాగా పొడిబారేవారి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. కార్నియా ఒక దిశలో ఎక్కువ, మరో దిశలో తక్కువ వంగి ఉండడం వల్ల సిలిండర్ పవర్ అవసరమైనవారికి, ఆ వంకర సరిచేయకుండా పలుదూరాల కటకం ఒక్కటే వేస్తే ఏ దూరమూ స్పష్టంగా ఉండదు. ఆ వంకరను సరిదిద్దే కటకమే టోరిక్. అది ఏకదూరంలోనూ ఉంది, పలుదూరాల్లోనూ ఉంది. ధరల పట్టికలో దాన్ని మరో మెట్టుగా చూపడం వల్ల ఇది కూడా విలాసమేనని కొందరు పొరబడతారు. అవసరమైన కంటికి అది అవసరమే.

తక్కువ ఖర్చుతో అద్దాల అవసరం తగ్గించుకునే పాత ఉపాయం ఒకటుంది. రెండు కళ్లకూ సాదా కటకాలే వేస్తూ, ఒక కంటికి దూరానికి, రెండో కంటికి ఒకటి, ఒకటిన్నర డయాప్టర్ల మేర దగ్గరికి సరిపోయేలా బలం లెక్కకడతారు. ఏ కంటిలోనూ వెలుగు చీలదు కనుక పలుదూరాల కటకంతో వచ్చే వలయాల బెడద ఉండదు. లోతు అంచనా కొంత తగ్గుతుంది. దీన్ని కంట్లో అమర్చకముందే కాంటాక్ట్ లెన్సులతో కొన్నాళ్లు పరీక్షించి చూసే వీలుండడం మరో సుగుణం, అయితే శుక్లం బాగా ముదిరిన కంటికి ఆ పరీక్ష వల్ల ప్రయోజనం తక్కువ.

దగ్గరి చూపు అద్దాలు ఇంకా చాలా చౌకైన పరికరం. తెలంగాణలో 2018 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన కంటివెలుగు పథకాల్లో ప్రభుత్వాలు వాటిని ఉచితంగా పంచాయి. దూరానికి సాదా కటకం, చదవడానికి ఆ అద్దాలు: ఈ జోడీ ఇచ్చే చూపు స్పష్టతలో ఖరీదైన ఏ కటకం ఇచ్చేదానికీ తీసిపోదు. అప్పు చేసి ఖరీదైన కటకం వేయించలేకపోయామని ఏ కుటుంబమూ నొచ్చుకోనక్కరలేదు.

వేయించుకున్నాక తృప్తి లేకపోతే

పలుదూరాల కటకం వేయించుకుని చూపు నచ్చనివారి విషయంలో తప్పంతా కటకానిదే అనుకోవడానికి ముందు మూడు సంగతులు చూడాలి. మొదటిది మిగిలిపోయిన పవర్. సాదా కటకంతో అర డయాప్టరు తేడా ఉన్నా మనిషి సర్దుకుపోతాడు. వెలుగు అప్పటికే చీలి ఉన్న కంట్లో ఆ అర డయాప్టరే పెద్ద మసకగా తోస్తుంది. రెండోది కన్ను పొడిబారడం. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు అది సహజం, చుక్కల మందుతో తగ్గుతుంది. మూడోది, కటకాన్ని మోస్తున్న సంచి వెనకగోడ మీద మిగిలిన కణాలు పెరిగి నెలలకో ఏళ్లకో మళ్లీ మసక కమ్మడం. శుక్లం మళ్లీ వచ్చిందని వాడుకలో అనేది దీన్నే. యాగ్ లేజర్‌తో ఆ గోడ నడుమ చిన్న కంత చేస్తే నిమిషాల్లో చూపు తేటపడుతుంది.

ఈ మూడో చికిత్స విషయంలో తొందర తగదు. ఇవేవీ కారణం కాక, ఆరు నెలలు గడిచినా వలయాలకు అలవాటుపడలేని మనిషికి, పలుదూరాల కటకాన్ని తీసి సాదా కటకం పెట్టడం నేర్పుగల వైద్యుడి చేతిలో సాధ్యమే. అయితే వెనకగోడ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే అది సులభం. లేజర్‌తో గోడకు కంత పడ్డాక కటకం తీయబోతే కంటి వెనక భాగాన్ని నింపి ఉన్న జిగురుపదార్థం ముందుకు తోసుకువచ్చే ప్రమాదం ఉంది, కొత్త కటకాన్ని సంచిలో నిలపడమూ కష్టమవుతుంది. అందువల్ల మొదటి కంటి చూపుతో తృప్తిలేని రోగి అసంతృప్తికి కారణం తేలేదాకా యాగ్ లేజర్‌ను వాయిదా వేయడం, రెండో కంటి ఆపరేషన్‌ను కూడా ఆపి ఉంచి, ఆ కంటికి ఏ కటకం వేయాలన్నది మొదటి కంటి అనుభవాన్ని బట్టి నిర్ణయించడం అనుభవజ్ఞులైన నేత్ర వైద్యులు పాటించే పద్ధతి.